డీబీఎస్ చేయిస్తే నాయిన పడిపోవడం ఆగుతుందా?

మిర్యాలగూడ నుంచి:
నాయినకు పార్కిన్సన్స్ వచ్చి ఎనిమిదేళ్లు దాటింది. రైస్ మిల్లులో గుమస్తాగా చేసేవాడు. సిండోపా మాత్ర వేసుకుంటే వణుకు తగ్గుతుంది, మూడు గంటలకల్లా మళ్లీ బిగుసుకుపోతాడు. అది ఎట్లనో నెట్టుకొస్తున్నాం. పడిపోవడమే టెన్షన్. బాత్రూం గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి, ఒళ్లు మాత్రం ముందుకు తూలుతుంది. బతుకమ్మ పండుగకు చుట్టాలందరి ముందు పడ్డాడు, అప్పటి నుంచి వాకిట్లోకే రానంటున్నాడు. హైదరాబాద్ డాక్టర్ డీబీఎస్, అంటే మెదడులో వైర్లు పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు. లక్షల్లో ఖర్చు. చేయించుకున్నవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మహబూబ్‌నగర్ నుంచి:
తమ్ముడూ, మా ఆయనకు చేయించాం. మెదడులో రెండు వైపులా సన్నని వైర్లు, ఛాతీ పైభాగాన చర్మం కింద బ్యాటరీ. వణుకు పోయింది. మాత్రలు సగానికి తగ్గాయి. మాత్ర ఎక్కువైనప్పుడు ఒళ్లంతా మెలికలు తిరిగేది, అదీ పోయింది. గ్లాసు నిండా చాయ్ పోసినా ఒలకకుండా తాగుతున్నారు. గడప దగ్గర నిలబడిపోవడం మాత్రం అట్లనే ఉంది. న్యూరో సార్ ముందే చెప్పారు, మాత్రకు లొంగేదే డీబీఎస్‌కూ లొంగుతుందని, ఒక్క వణుకు తప్ప. మా అత్తమ్మ మాత్రం "గన్ని పైసలు పోస్తిరి, నడక రాకపాయె" అని ఇప్పటికీ అంటుంది.

నల్లగొండ నుంచి, ఫిజియోథెరపిస్ట్:
అన్నా, మాత్ర పనిచేస్తున్నప్పుడు పడుతున్నారా, దాని బలం దిగాక పడుతున్నారా? అసలు సంగతి అక్కడే ఉంది. దిగాకే అయితే ఆశ ఉంది. మాత్ర బాగా పట్టినప్పుడు కూడా కాళ్లు అతుక్కుంటుంటే, దానికోసమని ఆపరేషన్‌కు వెళ్లొద్దు. కొందరికి ఆ తర్వాత నడక, మాట ఇంకా మందగిస్తాయి కూడా. ముందు లెవోడోపా (సిండోపాలో ఉండే మందు) పరీక్ష ఉంటుంది. రాత్రి నుంచి మాత్రలు ఆపి, పొద్దున కదలికలకు మార్కులు వేస్తారు, మాత్ర ఇచ్చి మళ్లీ వేస్తారు. మామూలుగా 30 శాతమైనా మెరుగైతేనే ముందుకు వెళ్తారు. మొత్తం మార్కు చూసి మురిసిపోకండి. నడకకు ఎంత, పడకుండా ఆపుకుంటారా అని వెనక నుంచి భుజాలు లాగి చూసేదానికి ఎంత అని విడిగా అడగండి. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పడిపోతోందేమో కూడా చూడండి. పడటానికి అదీ ఒక కారణమే, దాని వైద్యం వేరు.

అక్కా, మీ ఆయనకు బ్యాటరీ 130 హెర్ట్జ్ (సెకనుకు 130 సార్లు కరెంటు) దగ్గర ఉండొచ్చు. నడక ఆగిపోయేవాళ్లకు 60కి దించి చూస్తారు. కొందరికి పనిచేస్తుంది, కానీ వణుకు తిరిగి రావచ్చు. ఈసారి ప్రోగ్రామింగ్‌కు, అంటే బ్యాటరీ సెట్టింగ్ మార్పించడానికి వెళ్లినప్పుడు అడగండి.

గడప ముందు అడుగుకొకటి చొప్పున తెల్లటేపు గీతలు అతికించి, గీత దాటమనండి. ఉన్నచోటే గిర్రున తిరగనివ్వకండి.

మిర్యాలగూడ నుంచి:
టైంతో సహా రాసి చూశాను అన్నా. గడప దగ్గరిది మాత్ర పట్టినప్పుడూ ఉంది. టేపు గీతలు దాటుతున్నాడు, అమ్మ పక్కన "ఒకటి, రెండు" అంటుంటే ఇంకా నయం. నీళ్లు పడి టేపు ఊడిపోతోంది, పెయింటే వేయాలి. వణుకు కోసమైనా పరీక్ష చేయిద్దామంటున్నాడు నాయినే. మాత్రలు ఆపిన మనిషిని పొద్దున్నే కారులో అంత దూరం తీసుకెళ్లొచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి:
వద్దు తమ్ముడూ. ముందురోజే వెళ్లి ఆస్పత్రి దగ్గర రూం తీసుకోండి, రాత్రి పక్కన ఒక మనిషి ఉండాలి. పరీక్ష అవ్వగానే వేయాల్సిన మాత్రలు నీ జేబులోనే పెట్టుకో.