మూడేళ్ల ప్రాక్టీసు లేనిదే జడ్జి పరీక్ష రాయకూడదా?

కర్నూలు_అమ్మాయి:
జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో ఈ నిబంధన తీసేసిందీ ఆ కోర్టే. ఇంట్లో నన్ను లా చదవనిచ్చిందే డిగ్రీ అవగానే పరీక్ష రాస్తానంటే. ఇప్పుడు మూడేళ్లు ఆగమంటే సంబంధాలు చూస్తున్నారు.

నల్లకోటు:
మగా ఆడా ప్రశ్న కాదమ్మా. పొలం గట్టు దున్నేస్తున్నారని, ఆపమని ఆర్డరివ్వండంటూ ఇంజంక్షన్ వేశాం. కొత్తగా వచ్చిన జడ్జిగారు వెంటనే ఆపమనకుండా అవతలివాళ్లకి నోటీసుకని పది రోజులు వాయిదా వేశారు. పదో రోజుకి గట్టు లేదు. నష్టపోయింది నా కక్షిదారు.

మూడో_బెంచీ:
నిజం సార్. అనుభవం ఉండాల్సిందే.

వాయిదా_డైరీ:
ఆ మూడేళ్లు జూనియర్‌కి తిండి ఎవరు పెడతారు? నా సీనియర్ నెలకు 1,500 ఇచ్చేవారు, హాస్టల్‌కే 4,500. మా నాన్న తాపీ మేస్త్రీ. నాతో చేరినవాడి తండ్రి ప్లీడరు, రెండో నెలకే వాడికి సొంత కేసుల వకాల్తాలు. నేను సీనియర్ కేసు కట్టలు మోశాను.

నల్లకోటు:
మేమూ మోశాం. ఆంధ్రలో లా నేస్తం పథకం కింద జూనియర్ లాయర్లకు ప్రభుత్వం నెలకు 5,000 ఇచ్చిందిగా. 2024లో లాయర్ల సంస్థ బార్ కౌన్సిల్ కూడా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని సీనియర్లకు చెప్పింది.

వాయిదా_డైరీ:
అది సలహా మాత్రమే. మీ జూనియర్‌కి మీరెంత ఇస్తున్నారు?

నల్లకోటు:
పర్సనల్‌గా రావద్దు. గట్టు సంగతికి జవాబు చెప్పండి. అయినా నేను ముగ్గురు అమ్మాయిలకు పని నేర్పాను. ముగ్గురూ ఏడాది తిరక్కుండానే మానేశారు. నా కష్టానికి లెక్క లేదా?

కర్నూలు_అమ్మాయి:
నేను ఏడాదిగా ఒక ఆఫీసులో ఉన్నాను సార్. కోర్టులో సాక్షిని ప్రశ్నలడిగి క్రాస్ చేసే పని మగ జూనియర్లకే. నాకు కేసు కాగితాలు రాసే డ్రాఫ్టింగు. రాత్రి తొమ్మిదికి అందరూ వెళ్లాక నన్నొక్కదాన్నే ఉండమంటారు. రేపు ప్రాక్టీసు సర్టిఫికెట్‌కి 10 ఏళ్ల ప్రాక్టీసు నిండిన లాయరు సంతకం కావాలంటే మాలాంటివాళ్లం వెళ్లేది సీనియర్ దగ్గరికే. కాదని ఎలా చెప్పను? అనుభవం వద్దనడం లేదు. ఆ మూడేళ్లూ ఒక్క మనిషి చేతిలో పెట్టకండి అంటున్నాను. మీ దగ్గర మానేసినవాళ్లు ఎందుకు మానేశారు?

నల్లకోటు:
ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. మూడో అమ్మాయి ఇదే ఊళ్లో వేరే ఆఫీసులో చేస్తోంది. ఎందుకు వెళ్లిందో నేను అడగలేదు.