విశ్వాసం, నీతి, పౌరస్వేచ్ఛ: ఒక సందేహం తీర్చగలరా?

పెద్దలందరికీ వందనాలు. ఒంగోలులోని మా బాప్టిస్టు సంఘంలో యువజనుల బైబిలు అధ్యయనం నడిపించే బాధ్యత నాది. పౌరస్వేచ్ఛ నిలవాలంటే ప్రజలకు దైవభక్తి అవసరమా, నీతి ఒక్కటే చాలునా అన్న ప్రశ్న దగ్గర మా చర్చ ఆగిపోయింది.

అమెరికా రాజ్యాంగం నీతీ మతనిష్ఠా గల ప్రజల కోసమే ఏర్పడిందని అప్పటి ఆ దేశాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ 1798లో రాశాడు. అంతకు చాలా ముందే, 1636లో అమెరికాలో ప్రావిడెన్స్ పట్టణాన్ని స్థాపించిన క్రైస్తవ బోధకుడు రోజర్ విలియమ్స్ విశ్వాసం విషయంలో ప్రభుత్వ బలవంతం కూడదన్నాడు. మన ప్రాంతంలోనే 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో బీదలకు కూలి చూపిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, తిండి కోసం మతంలో చేరతారేమోనని అప్పుడు బాప్తిస్మాలు ఆపివేశాడు. అంతఃకరణ స్వేచ్ఛను గౌరవించడమంటే ఇదేనని నా నమ్మకం.

అయితే మన రాజ్యాంగం 25వ అధికరణ ఆ స్వేచ్ఛను ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబరిచింది. ఆ నైతికత ఎవరిదని న్యాయశాస్త్రం చదువుతున్న అమ్మాయి అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. పైగా ఎన్నికల ముందు రాత్రి మా వీధిలో ఓటుకింతని కవరు అందుకున్నవారిలో ఆరాధనలో ముందు వరుసలో కూర్చునేవారూ ఉన్నారు. వద్దని తలుపు వేసినవారిలో ఏ మతమూ పాటించని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడున్నారు.

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 13వ వచనం స్వేచ్ఛను ప్రేమతో పరుల సేవకు వాడమంటుంది. ఇతర మతాల పొరుగువారిని కించపరచకుండా దీన్ని పౌరజీవితానికి ఎలా అన్వయించాలో, ఈ విషయంపై తెలుగులో ఏవి చదవవచ్చో తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.