దారింగిబాడిలో రెండు రోజులు: పెద్దవాళ్ళతో వెళితే భోజనం ఎక్కడ చేయాలి?

పర్లాకిమిడి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మార్గశిర మాసంలో ఒక లక్ష్మివారం పూజ ముగించుకొని, మరునాడు శుక్రవారం తెల్లవారుజామున కారులో బయలుదేరి, మోహనా మీదుగా ఒడిశాలోని కొండ ఊరు దారింగిబాడి చేరి, ఆదివారం రాత్రికి ఇంటికి తిరిగి రావాలని అనుకుంటున్నాము. మా అత్తగారు, మామగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిపి ఆరుగురము. బస ఒక లాడ్జిలో కుదిరింది. అయితే అక్కడ వంట చేయరట. భోజనం సంగతి అడిగితే బయట చాలా హోటళ్ళు ఉన్నాయని చెప్పి ఫోను పెట్టేశారు.

నా సందేహమంతా ఆ చాలా హోటళ్ళ గురించే. మా అత్తగారు ఈ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మామగారు ఇన్సులిన్ తీసుకుంటారు కనుక మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిది గంటలకు పళ్ళెం ముందు ఉండి తీరాలి. పిల్లలు కారం తినలేరు. మావారికేమో కొండ మీదికి వెళ్ళి నాటుకోడి తినకుండా దిగడం అవమానం. నాలుగేళ్ళ క్రితం వేరొక కొండ ఊరికి వెళ్ళినప్పుడు రాత్రి తొమ్మిది గంటలకు ఊరంతా తిరిగినా అన్నం దొరకక, మామగారికి బిస్కెట్లు, అరటిపండ్లు పెట్టి పడుకోబెట్టాము. ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది. వెళ్ళివచ్చినవారు ఎవరైనా వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

బరంపురం పాతకాపు:

టీచరమ్మ గారూ, లాడ్జివారు చెప్పింది అబద్ధం కాదు గాని, అందులో సగమే చెప్పారు. దారింగిబాడి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న చిన్న ఊరు. ఒడిశా కాశ్మీరమని పేరు పడినా, తినే చోట్లన్నీ దాదాపుగా బజారు వీధిలోను, బస్సులు ఆగే చోటను, కొత్తగా కట్టిన రిసార్టులలోను ఉన్నాయి. బజారులోని భాత హోటళ్ళలో, అంటే అన్నం పెట్టే హోటళ్ళలో, మధ్యాహ్నం అన్నం, డాల్మా (కూరగాయలు కలిపి ఉడికించిన పప్పు) లేదా పప్పు, ఒక వేపుడు, ఒక కూర, చేపల పులుసో కోడి కూరో ఉంటాయి. రుచి బాగుంటుంది, ధర మన ఊళ్ళలో ఉన్నట్టే ఉంటుంది. అయితే ఎంతమంది వస్తారో అంచనా వేసుకొని అంతే వండుతారు. శని, ఆదివారాలలో బరంపురం నుంచి, భువనేశ్వర్ నుంచి కార్లు వరుసకట్టి వస్తాయి కాబట్టి, రెండు గంటలు దాటాక వెళ్ళినవారికి అడుగు మాడిన అన్నమైనా మిగలదు.

నేను ప్రతి చలికాలంలోనూ సొరడా ఘాట్ మీదుగా వెళుతుంటాను. నా పద్ధతి ఒక్కటే. ఉదయం టిఫిను తినే చోటనే మధ్యాహ్నానికి ఎంతమందిమో చెప్పి, కొంత అడ్వాన్సు ఇచ్చి, ఆ తరువాతే చూడవలసినవి చూడడానికి వెళతాను. సాయంత్రం నాలుగు గంటలలోపు రాత్రి భోజనానికీ అదే విధంగా చెబుతాను. నాటుకోడి అయితే ముందురోజే చెప్పడం మేలు, ఎందుకంటే కోడిని పల్లె నుంచి తెప్పించి, కట్టెల పొయ్యి మీద వండడానికి వారికి సమయం కావాలి. అప్పటికప్పుడు అడిగితే దేశీ కోడి అని ఫారం కోడినే పెట్టిన చోటూ ఉంది. పేరు చెప్పను గాని, ఎముక కొరికినప్పుడే నాకు తెలిసిపోయింది.

మీరు లక్ష్మివారం దాటాక వెళుతున్నారు కనుక మీవారి కోరిక తీరుతుంది. మన పూజలాగే ఒడియావారికి మార్గశిరంలో మాణబసా గురువారం ఉంటుంది. ఆ రోజు చాలా ఇళ్ళలో నీచు వండరు, చిన్న హోటళ్ళలోనూ వంటకాలు తగ్గిపోతాయి.

ఉదయం టిఫినుకు దిగులు పడనక్కరలేదు. బరా, పూరీ, ఉప్మా, ఇడ్లీ దొరుకుతాయి. బరా అంటే మన గారె. కాకపోతే సాంబారుకు బదులు ఘుగునీ, అంటే బఠాణీ కూర, పైన పోస్తారు. మా బరంపురంలో ఇది అలవాటే గనుక నాకు వింతగా ఉండదు గాని, ఇడ్లీ మీద బఠాణీ కూర చూసి మీ అత్తగారు ఏమంటారో చెప్పలేను.

గుణుపురం వాసి:

పాతకాపు గారు చెప్పిన వేళల విషయంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే దారింగిబాడి వరకు వెళ్ళి ఇడ్లీ కోసం వెతకడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. చలి బాగా ముదిరిన ఉదయాలలో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే ఆ ఊళ్ళో పొద్దున్నే ఒంటికి పట్టేది మాండియా జావు, అంటే మనం చోడి (రాగి) అంబలి అని తాగేదే. 2017లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ (చిరుధాన్యాల పథకం) తొలి విడతలో మీ గజపతి జిల్లాతోపాటు దారింగిబాడి ఉన్న కంధమాల్ జిల్లా కూడా ఉంది కనుక, చోడి వంటలు ఇప్పుడు ఇళ్ళను దాటి హోటళ్ళలోకీ వస్తున్నాయి. బోర్డు మీద కనిపించకపోయినా అడిగి చూడండి.

మోహనా దారిలో మీరు చంద్రగిరి దాటుతారు. అక్కడ 1960ల నుంచి టిబెటన్లు స్థిరపడి ఉన్నారు. దగ్గరలోని జిరంగ్‌లో పద్మసంభవ బౌద్ధ మఠం ఉంది, దాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మఠం దగ్గర చిన్న హోటళ్ళలో మోమోలు, తుక్పా దొరుకుతాయి. మోమో అంటే లోపల కూరిన కుడుము, తుక్పా అంటే నూడిల్స్ వేసిన వేడి చారు. కారం విడిగా ఇస్తారు కాబట్టి మీ పిల్లలకు ఇంతకంటే అనువైన భోజనం ఆ దారిలో లేదు. కూరగాయల మోమోలోనూ ఉల్లి, వెల్లుల్లి పడతాయి కనుక మీ అత్తగారికి మాత్రం పనికిరాదు. ఒక సంగతి గుర్తుంచుకోండి: చలికాలంలో టిబెటన్ కుటుంబాలు చాలావరకు స్వెటర్ల వ్యాపారానికి పట్టణాలకు వెళ్ళిపోతాయి కాబట్టి కొన్ని హోటళ్ళు మూసి ఉండవచ్చు. అందువల్ల శుక్రవారం పోయేటప్పుడు ఏవి తెరిచి ఉన్నాయో చూసుకొని, ఆదివారం తిరుగు ప్రయాణంలో అక్కడ తినడం మంచిది. పోయేటప్పుడు ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకోండి. మోహనా దాటిన తరువాత బ్రాహ్మణిగాం వైపు రోడ్డు అడవిలోంచి సాగుతుంది. అక్కడ ఒంటిగంట భోజనాన్ని నమ్ముకోకూడదు.

చిన్న గ్యాసు పొయ్యి తీసుకెళ్ళి వాగు ఒడ్డున వండుకుందామన్న ఆలోచన ఎవరైనా ఇస్తే మాత్రం వినకండి. డిసెంబరులో ఒడియావారి వనభోజనాల కాలం కనుక ఆ పొగ, ఆ మైకులు ఎలాగూ ఉంటాయి. పైన్ చెట్ల కింద ఎండిన సూదులు ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి.

బల్లిగుడాలో తొమ్మిదేళ్ళు:

నేను ఉద్యోగరీత్యా కంధమాల్ జిల్లాలో తొమ్మిదేళ్ళు ఉన్నాను, మా అమ్మగారు కూడా మీ అత్తగారిలాగే నియమాలు పాటించేవారు. అందువల్ల ఆ ఒక్క విషయం కొంచెం విస్తరించి రాస్తాను.

హోటలులో నిరామిషం అని అడిగితే మాంసం, చేప, గుడ్డు లేనిది పెడతారు గాని, ఉల్లి, వెల్లుల్లి అందులో ఉండవచ్చు. కాబట్టి బినా పియాజ రసుణ అని విడిగా చెప్పాలి. ఆ మాట అన్న వెంటనే వారికి అర్థమవుతుంది, ఎందుకంటే మార్గశిరంలో వారి ఇళ్ళలోనూ అదే వంట జరుగుతుంది. అడగవలసినది డాల్మా. జగన్నాథుని ప్రసాదపు పద్ధతిలో చేసిన డాల్మాలో పప్పు, అరటికాయ, కంద, గుమ్మడి, వంకాయ కలిపి ఉడికించి, చివర వేయించిన జీలకర్ర పొడి చల్లుతారు. ఉల్లి ఊసే ఉండదు. అయితే హోటళ్ళలో కొందరు రుచి కోసం పోపులో వెల్లుల్లి వేస్తారు. కాబట్టి వండిన తరువాత అడగడం వృథా. పాతకాపు గారు చెప్పినట్టు ఉదయమే చెబితే మీ కోసం ఒక గిన్నె విడిగా తీసి ఉంచుతారు. రెండో వంటకంగా సంతుళా అడగండి. కూరగాయలు ఉడికించి తేలికగా పోపు పెట్టినది, కారం ఉండదు, పిల్లలూ తింటారు.

రెండు విషయాలలో మనవాళ్ళు ఇబ్బంది పడతారు. మొదటిది బియ్యం. అడగకపోతే ఉసునా అన్నం, అంటే ఉప్పుడు బియ్యపు అన్నం వస్తుంది. మీకు పచ్చి బియ్యపు అన్నం కావాలంటే అరువా అని చెప్పాలి. రెండోది నూనె. చాలా వంటలు ఆవనూనెతో చేస్తారు, బేసరా అంటే ఆవ ముద్ద పెట్టిన కూర. పనసపొట్టు కూరలో ఆవ పెట్టుకు తినే మనకు ఆవ ఘాటు కొత్త కాదు గాని, నూనె వాసన మొదటిరోజు పెద్దవాళ్ళకు పడకపోవచ్చు. రిఫైండ్ నూనెతో చేయమంటే చేస్తారు.

మీకు బస ఇంకా మార్చుకునే వీలుంటే, అటవీశాఖ నడిపే ప్రకృతి శిబిరాలను చూడండి. దారింగిబాడిలోనూ, దూరంగా మండాసరు లోయ దగ్గర కూడా ఉన్నాయి. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. అద్దెలోనే భోజనాలు కలిసి ఉంటాయి, వండి వడ్డించేది ఆ ఊళ్ళవారే. మీ మామగారిలాంటి వారికి వేళ తప్పని భోజనం కావాలంటే అంతకన్నా నిశ్చింత లేదని నా అభిప్రాయం. చలికాలంలో పర్యాటక శాఖవారు వేసే ఖరీదైన గుడారాలలోనూ భోజనం ఉంటుంది గాని, ఆ డబ్బుతో మీ ఆరుగురు బజారులో ఎన్ని పూటలు తినవచ్చో లెక్క వేసుకున్నాకే వాటి జోలికి వెళ్ళండి.

ఇక కాఫీ. కాఫీ తోట చూసి, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద ఫొటోలు దిగి, బయటికి వచ్చి ఒక కప్పు అడిగితే నాకు దొరికింది పొట్లంలోని ఇన్‌స్టంట్ కాఫీ! అప్పటి నుంచి తోటల దగ్గర పొడి కొనుక్కొని బసలోనే కలుపుకునేవాడిని. అలాగే 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపును మర్చిపోకండి. పొడి కాకుండా కొమ్ములే కొని ఇంటికి వచ్చాక దంచుకుంటే కల్తీ భయం ఉండదు.

పర్లాకిమిడి టీచరమ్మ:

మీ ముగ్గురికీ ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. బస మార్చుకుందామని చూస్తే ఆ శని, ఆదివారాలకు శిబిరాలలో ఖాళీ లేదు, కాబట్టి లాడ్జిలోనే ఉంటాము. ఇంకొక్క సందేహం మిగిలింది. శుక్రవారం మేము చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటవచ్చు. ఆ రాత్రి భోజనం సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పాలి? ఊరు కొత్త, ఏ హోటలు నమ్మదగినదో తెలియదు.

బరంపురం పాతకాపు:

లాడ్జికి వెళ్ళకముందే బజారులో కారు ఆపండి. సామాను దించి, స్నానాలు చేసి, టీ తాగి అప్పుడు వెళదామనుకుంటే ఆరు గంటలవుతుంది, చీకటి పడుతుంది, చలికి హోటలువారు కూడా త్వరగా పొయ్యి ఆర్పేస్తారు. మూడు గంటల వేళ ఏ హోటలులో ఇంకా ఊరివాళ్ళు, డ్రైవర్లు కూర్చొని తింటున్నారో చూడండి. అక్కడ వంట అప్పటిదాకా సాగిందని, సరుకు తిరుగుతోందని అర్థం. వంట చేసే మనిషితోనే నేరుగా మాట్లాడి, ఆరుగురికి అరువా అన్నం, ఒక గిన్నె ఉల్లి లేని డాల్మా, సంతుళా ఏడున్నరకు సిద్ధం చేయమని, మరునాటి నాటుకోడి మాట కూడా అప్పుడే చెప్పి అడ్వాన్సు ఇవ్వండి.

ఇంటి నుంచి రెండు హాట్‌ప్యాకులు తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళను చలిలో బజారుకు తిప్పకుండా మీవారు ఏడున్నరకు వెళ్ళి కట్టించుకు వస్తే, ఎనిమిదికి మీ మామగారి పళ్ళెంలో వేడి అన్నం ఉంటుంది. మామూలు టిఫిను క్యారియరు వద్దు, ఆ చలికి లాడ్జి మెట్లు ఎక్కేలోపే అన్నం గడ్డకడుతుంది. అయినా జాగ్రత్తకు ఆయన సంచిలో అటుకులు, రెండు అరటిపండ్లు ఉంచండి.

గుణుపురం వాసి:

ఆ హాట్‌ప్యాకులలో ఒకటి మీ అత్తగారికి ప్రత్యేకించండి. కోడి కూర తెచ్చిన దానిలోనే మరునాడు డాల్మా పోయించుకు వస్తే ఆవిడ ముట్టరు. మా ఇంట్లో ఒకసారి జరిగిందే చెబుతున్నాను.