పారితోషికం ఇవ్వని పత్రికకు రాయాలా, వద్దా?

ఒంటిగంట దీపం:
ఇరవై మూడేళ్లుగా ఏ పత్రికలోనూ ఉద్యోగం చేయకుండా రాసుకుని బతుకుతున్నాను. కథలు, అనువాదాలు, ఆదివారం అనుబంధాలకు వ్యాసాలు. అవేవీ లేని నెలల్లో మందుల కంపెనీల కరపత్రాలు కూడా. డబ్బివ్వని చోట అక్షరం రాయకూడదని మొదటినుంచీ నాకొక పంతం. కిందటి వారం అది సడలింది. పైసా రాదని తెలిసే ఒక వెబ్ పత్రికకు కథ పంపాను. తప్పు చేశానా అన్నది తేలక ఇక్కడ అడుగుతున్నాను.

నేను మొదలుపెట్టిన రోజుల్లో కథ పంపడమంటే ఒక తతంగం. తెల్లకాగితానికి ఒకవైపే రాయాలి, ఎడమవైపు మార్జిన్ వదలాలి. 'ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు' అని హామీపత్రం పెట్టాలి. తగినన్ని స్టాంపులు అంటించి, మన చిరునామా మనమే రాసిన కవరు జతపరచాలి. నెలల తర్వాత గుమ్మంలో ఆ కవరు కనిపిస్తే విప్పనక్కరలేదు, మన దస్తూరీ చూడగానే సంగతి తెలిసిపోయేది. కానీ అచ్చయితే చెక్కు వచ్చేది. ఆలస్యంగానైనా వచ్చేది.

ఆ గుమ్మాలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 1978లో మొదలైన విపుల, చతుర మాసపత్రికలు 2021లో ఆగిపోయాయి. అనువాదాలు చేసేవారికి విపుల ఎంత ఆసరాగా ఉండేదో ఆ పని చేసినవారికే తెలుసు. ఇప్పుడు నాకు వచ్చే ఫోన్లు ఇలా ఉంటున్నాయి: "మేడమ్, పేజీ నిండలేదు, సాయంత్రానికల్లా ఎనిమిది వందల పదాల మేటర్ పంపండి. డబ్బు ఇవ్వలేం గానీ మీకు మంచి గుర్తింపు వస్తుంది." ఆ పేజీ కట్టే డీటీపీ అబ్బాయికి మాత్రం గుర్తింపు ఇస్తామని ఎవరూ చెప్పరు.

పాత సంచిక:
తప్పే చేశారు మేడమ్, మొహమాటం లేకుండా చెబుతున్నాను. కిందటేడు ఒక పత్రికవారిని పారితోషికం అడిగితే ఏమన్నారో తెలుసా? "పెద్ద పెద్దవాళ్లే ఊరికే ఇస్తున్నారు, మీదేమిటి?" అన్నారు. ఆ పెద్దవాళ్లలో ఇప్పుడు మీరూ చేరారు.

2004లో నా మొదటి కథకు నాలుగు వందల రూపాయల చెక్కు వచ్చింది. బ్యాంకులో వేయకుండా వారం రోజులు పుస్తకంలో దాచుకున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత అంతే నిడివి ఉన్న కథకు ఏడు వందల యాభై ఇచ్చారు. ఈలోగా కందిపప్పు ధర ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. జీతం ఉన్న లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు సరదాకు రాసిస్తుంటే, రాతే జీవనాధారమైనవాడి నోటి దగ్గర కూడు పోతోంది.

మునగచెట్టు:
నేను ఒక చిన్న వెబ్ పత్రికకు సంపాదకత్వం చేస్తున్నాను. జీతం సున్నా. సర్వర్ ఖర్చు మేం నలుగురం వేసుకుంటాం, ప్రకటనలు తీసుకోం. రాసేవారికి ఏమీ ఇవ్వం, నిజమే. మేమూ ఏమీ తీసుకోం.

అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ఈమాట వెబ్ పత్రిక ఈనాటికీ లాభాపేక్ష లేకుండా నడుస్తోంది. అలాంటిదాన్నీ, ప్రకటనలు అమ్ముకుంటూ రచయిత దగ్గరికి వచ్చేసరికి జేబు తడుముకునే పత్రికనూ ఒకే గాటన కడితే ఎలాగండీ? ఇంకో మాట. చాలా అచ్చు పత్రికల్లో కథ ఎందుకు తిరిగొచ్చిందో చెప్పేవారే ఉండరు. మేం మొదటి రెండు పేరాలు ఎందుకు అక్కరలేదో ఉత్తరం రాస్తాం, రచయిత ఒప్పుకోకపోతే దెబ్బలాడతాం కూడా.

పాత సంచిక:
మీతో నాకు పేచీ లేదు. మీ దగ్గర ఊరికే రాసి, ఆ అలవాటుతో పక్కవాడి దగ్గరా ఊరికే రాసేవారితోనే పేచీ.

ప్లీడరు గుమాస్తా:
డబ్బు సంగతి మీరు తేల్చుకోండి. హక్కుల ఊసు ఎవరూ ఎత్తలేదేమి? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, బయటినుంచి రాసి పంపేవారి రచనకు మొదటి హక్కుదారు రచయితే. ఉద్యోగిగా రాసినదానికి లెక్క వేరు. హక్కులు మరొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకేననీ అనుకోవాలి. ఈ బదిలీ సంగతంతా పందొమ్మిదో సెక్షన్‌లో ఉంది. మీరు ఇన్నాళ్లూ పెట్టిన హామీపత్రం 'నేను దొంగిలించలేదు' అని చెప్పే కాగితం, అంతే. దాంతో మీ కథ ఎవరికీ రాసిచ్చినట్టు కాదు.

మా బంధువు కథను ఎవరో యూట్యూబ్‌లో చదివి పెట్టారు. వినేవాళ్లు వేలమంది, రచయిత పేరు మాత్రం లేదు. అడిగితే "మీకు ప్రచారమే కదండీ" అన్నారు. ఒక్క నోటీసుతో తీసేశారు.

ఒంటిగంట దీపం:
గుమాస్తా గారి మాట చదివాక సొరుగు తీసి పాత కాగితాలన్నీ తిరగేశాను. ఇన్నేళ్లలో హక్కులు రాసిచ్చిన కాగితం ఒక్కటే దొరికింది, అదీ మందుల కంపెనీది. కథలన్నీ నావే! పాత సంచిక గారూ, మీ కోపం న్యాయమే. ప్రకటనలు వేసుకునే పత్రిక ఏదైనా సరే, ఇకమీదట డబ్బు లేకుండా పేజీ నింపను. ఇంతకుముందు రెండుసార్లు మొహమాటపడి నింపాను, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

వెబ్ పత్రికకు పంపిన కథ మాత్రం వెనక్కి తీసుకోను. ఆడియో, అనువాదం, పుస్తకం హక్కులన్నీ నావేనని ఒక్క వాక్యం రాసివ్వమని నిన్న ఉత్తరం పెట్టాను. ఈ పొద్దున జవాబు వచ్చింది. హక్కులు మీవేనండీ, కాకపోతే చివరి పేజీ అక్కరలేదనిపిస్తోంది, అన్నారు. ఆ చివరి పేజీ కోసమే కథంతా రాశాను. దెబ్బలాటకు కూర్చుంటున్నాను, మళ్లీ వస్తాను.