రేడియో తరంగాల టనెలింగ్ టైమ్: మన బెంచ్ మీద కొలిచేది అసలు టైమేనా?

కృష్ణలంక_ఈసీఈ:
ఫైనలియర్ ప్రాజెక్టు గురించి అందరి అభిప్రాయం కావాలి. మా మైక్రోవేవ్ ల్యాబ్‌లో పాత క్లిస్ట్రాన్ (మైక్రోవేవ్ పుట్టించే ట్యూబ్) బెంచ్ ఉంది, 9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఎక్స్ బ్యాండ్ వేవ్‌గైడ్ (తరంగం నడిచే లోహపు గొట్టం) లోపలి వెడల్పు 22.86 మి.మీ., కాబట్టి కటాఫ్, అంటే అంతకన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ నడవలేని హద్దు, 6.56 గిగాహెర్ట్జ్. మధ్యలో 15.8 మి.మీ. వెడల్పున్న ఇరుకు ముక్క పెడితే అక్కడ కటాఫ్ 9.49కి పెరుగుతుంది. ఇక 9 గిగాహెర్ట్జ్ తరంగం ఆ ముక్కలో నడవలేదు, సన్నగిల్లుతూ పోతుంది. అయినా అవతలి వైపు కాస్త తేలుతుంది. క్వాంటమ్ ఫిజిక్స్‌లో ఎలక్ట్రాన్ తన శక్తికి మించిన గోడ దాటినట్టే (టనెలింగ్) కదా! ఆ దాటడానికి పట్టే టైమ్ కొలుద్దామని మా ఆలోచన.

మా గైడ్ (మనిషి, వేవ్‌గైడ్ కాదు) వినీ వినకముందే కొట్టిపారేశారు. "ఇందులో క్వాంటమ్ ఎక్కడుంది? ఆ మాట టైటిల్‌లో ఉంటే సంతకం పెట్టను" అన్నారు. ఆయన అన్నది కరెక్టేనా?

అరండల్‌పేట_మాస్టారు:
మీ సార్ చెప్పింది సబబే. 9 గిగాహెర్ట్జ్ ఫోటాన్ ఒక్కదాని శక్తి 6×10⁻²⁴ జౌల్. గది వేడిలో కేటీ (వేడి వల్ల కణాలకుండే శక్తి) విలువ దానికి దాదాపు 700 రెట్లు. మీ క్లిస్ట్రాన్ 10 మిల్లీవాట్లు ఇచ్చినా సెకనుకి 10²¹ పైన ఫోటాన్లు. ఆ జాతరలో ఒక్క ఫోటాన్‌ని ఏం చూస్తావు నాయనా? మ్యాక్స్‌వెల్ సమీకరణాలతోనే మొత్తం లెక్క తేలిపోతుంది, ప్లాంక్ స్థిరాంకం అవసరమే రాదు. రెండు పట్టకాల మధ్య గాలి సందులోంచి ఇలా తరంగం జారిపోవడాన్ని జగదీశ్ చంద్రబోస్ 1897 నాటికే మైక్రోవేవ్‌లతో పరిశీలించారు. అప్పటికి క్వాంటమ్ అన్న మాటే పుట్టలేదు.

మొగల్రాజపురం_రవ్వ:
మాస్టారూ, సమీకరణం ఒకటే అయినప్పుడు పేరుతో పేచీ ఎందుకండీ? వేవ్‌గైడ్‌లో తరంగానికి రాసేదీ, స్థిరశక్తి ఉన్న ఎలక్ట్రాన్‌కి ష్రోడింగర్ రాసిందీ ఒకే అచ్చు. గోడ మందం పెరిగినా దాటే టైమ్ పెరగదని హార్ట్‌మన్ 1962లో లెక్క కట్టింది ఎలక్ట్రాన్లకే. దాన్ని 1992లో జర్మనీలోని కొలోన్‌లో నిమ్ట్‌జ్, ఎండర్స్ చూపించింది సరిగ్గా ఇలాంటి ఇరుకు వేవ్‌గైడ్‌తోనే. తర్వాత నిమ్ట్‌జ్ 8.7 గిగాహెర్ట్జ్ మీద మోత్సార్ట్ 40వ సింఫనీ ఎక్కించి 11.4 సెం.మీ. ఇరుకులోంచి పంపాడు. కాంతి వేగానికి 4.7 రెట్లు వచ్చింది! తమ్ముడూ, ఇదే పెట్టు టైటిల్‌గా, ప్లేస్‌మెంట్ కూడా వచ్చేస్తుంది.

క్లిస్ట్రాన్_బాబాయ్:
ప్లేస్‌మెంట్ సంగతి తర్వాత, ముందు ఆ టైమ్ ఎలా చదువుతారో చెప్పండి. ముప్పై ఏళ్లు ఇలాంటి ల్యాబ్‌లోనే చేశాను. 10 సెం.మీ. గాలిలో అయితే కాంతికి 333 పికోసెకన్లు. ఇరుకులో అంతకన్నా తక్కువ, ఓ 130 అనుకుందాం. కాలేజీ సీఆర్వో (ఆసిలోస్కోప్) 100 మెగాహెర్ట్జ్ అయితే దాని గీత లేవడానికే మూడున్నర నానోసెకన్లు కావాలి. బంగారం తూచడానికి లారీ కాటా తెచ్చినట్టు ఉంటుంది.

టైమ్‌ని నేరుగా కొలవకండి, ఫేజ్ (అల ఏ దశలో ఉందో) చూడండి. ఫ్రీక్వెన్సీని 100 మెగాహెర్ట్జ్ జరిపితే 130 పికోసెకన్లకి ఫేజ్ 4.7 డిగ్రీలు మారాలి. మీ వేవ్‌గైడ్‌లో తరంగం పొడవు 48.6 మి.మీ., కాబట్టి అది అర మిల్లీమీటరు పైచిలుకు. స్లాటెడ్ లైన్ (అల ఎక్కడుందో చదివే గాడి ఉన్న వేవ్‌గైడ్) వెర్నియర్ 0.1 మి.మీ. చదువుతుంది. కష్టమే గానీ చెయ్యొచ్చు. ఇరుకు ముక్క తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడాలి, లేకపోతే మిగతా బెంచ్ ఫేజ్ అంతా కలిసిపోతుంది. క్లిస్ట్రాన్ ఆన్ చేసి అరగంటైనా వేడెక్కనివ్వండి. పిల్లలు ఇక్కడే తొందరపడతారు.

ఇంకోటి, 10 సెం.మీ. ఇరుకులో 55 డెసిబెల్స్ పోతాయి. 5 సెం.మీ. అయితే 27, అంటే అయిదొందలో వంతు మిగులుతుంది. ముందు చిన్నదాంతో మొదలుపెట్టండి.

అరండల్‌పేట_మాస్టారు:
రవ్వ గారికి, ఆ మోత్సార్ట్ కథ వినడానికి బాగుంటుంది. కానీ లెక్క వేయండి. 10 కిలోహెర్ట్జ్ స్వరం రేడియో తరంగం మీద ఎక్కితే దాని ఒక్క అల పొడవు 30 కిలోమీటర్లు. అంటే దాదాపు బెజవాడ నుంచి గుంటూరు దాకా పరుచుకున్న అల. అడ్డుగోడేమో 11 సెంటీమీటర్లు! ఆదా అయిన టైమ్ 0.3 నానోసెకను, ఒక అల పట్టే టైమ్‌లో మూడు లక్షలో వంతు కూడా లేదు. అల తల ఇంకా మంగళగిరి దాటకుండానే శిఖరం ముందు వచ్చిందని పండగ చేసుకుంటే ఎలా?

మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ విన్‌ఫుల్ అన్నది ఇదే. ఇరుకులో తరంగం ఒక చివర దూరి ఇంకో చివర బయటికి రావడం లేదు. అల అంత నింపాదిగా మారుతుంటే గోడలో చిక్కిన శక్తి మొత్తం దాంతో పాటే పెరిగి తగ్గుతుంది. మీకు ఫేజ్‌లో కనబడే ఆలస్యం ఆ శక్తి నిండి ఖాళీ అయ్యే టైమ్. ముక్క పొడవు పెంచినా చిక్కే శక్తి ఓ హద్దు దాటి పెరగదు, ఎందుకంటే లోపలికి పోయే కొద్దీ తరంగమే ఉండదు. అందుకే టైమ్ కూడా పెరగదు. దీన్ని పొడవుతో భాగించి వేగం అనడమే తప్పు.

మొగల్రాజపురం_రవ్వ:
సరే, వేగం వదిలేస్తా. టైమ్ మాత్రం ఉందిగా! టొరంటోలో స్టైన్‌బర్గ్ బృందం 2020లో రుబీడియం పరమాణువులతో 1.3 మైక్రాన్ల లేజర్ గోడ దాటించి 0.61 మిల్లీసెకన్లు అని చెప్పింది కదా.

అరండల్‌పేట_మాస్టారు:
చెప్పింది. అక్కడి గడియారమే వేరు. పరమాణువు గోడలో ఉన్నంతసేపు దాని స్పిన్ (లోపలి చిన్న అయస్కాంతం లాంటిది) తిరుగుతుంది, ఎంత తిరిగిందో బయటికొచ్చాక చూశారు. మన కుర్రాళ్ల దగ్గర ఉన్నది ఫేజ్ ఒక్కటే. రెండిటినీ ఒకే పేరుతో పిలిచినప్పుడే తగువు మొదలవుతుంది.

కృష్ణలంక_ఈసీఈ:
మాస్టారూ, నా సందేహం తీరింది. టైటిల్‌లో క్వాంటమ్ తీసేస్తున్నాం, "కటాఫ్ కింద వేవ్‌గైడ్‌లో గ్రూప్ డిలే" (ఫేజ్ మార్పు నుంచి తేలే ఆలస్యం) అని పెడతాం. టనెలింగ్ పోలిక లోపల ఒక చాప్టర్‌లో ఉంటుంది, దానికి సార్ ఏమంటారో చూడాలి. 5, 10, 15 సెం.మీ. మూడు పొడవులూ కొలిచి టైమ్ పెరుగుతుందో ఆగుతుందో గ్రాఫ్ గీస్తాం. బాబాయ్, ఇరుకు గైడ్ ముక్క ఎక్కడ దొరుకుతుంది?

క్లిస్ట్రాన్_బాబాయ్:
కొనకు, దండగ. ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్లని పట్టుకుని 7.06 మి.మీ. మందం, 10.16 ఎత్తు ఇత్తడి పట్టీలు చేయించు, 8 సెం.మీ. లోపు మూడు పొడవుల్లో. వాటిని మామూలు ఎక్స్ బ్యాండ్ గైడ్‌లో పక్క గోడకి ఆనించి దూర్చితే 15.8 వెడల్పే మిగులుతుంది. పట్టీకీ పైకప్పుకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా కరెంటు తెగిపోయి లెక్క పాడవుతుంది. అందుకని అంచులు ఆకురాయితో నువ్వే రుద్దుకో, వాళ్ల మీద వదిలెయ్యకు. 15 సెం.మీ. పట్టీతో మాత్రం 80 డెసిబెల్స్ పైన పోతాయి, మీ డిటెక్టర్‌కి ఏమీ వినపడదు. 8 దగ్గర ఆపు.