కాటా ప్రోగ్రాముకి రికవరీ ఫంక్షను మనమే రాసుకోవాలా, వద్దా?

కాటా_చీమకుర్తి
అన్నలకి నమస్తే. చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ దగ్గర వేబ్రిడ్జి ప్రోగ్రాం చూసుకుంటున్నా. సీ భాషలో ఉంది, కింద బర్క్‌లీ డీబీ (ప్రోగ్రాములోనే కలిసి నడిచే డేటాబేసు). నాకు ముందున్నాయన రాసి వెళ్లిపోయాడు. ఒక్కో లారీకి ఒక రికార్డు, రెండు ఫొటోలు (ఖాళీ బండి, లోడు బండి), ఒక స్లిప్పు. రోజుకి 120 బండ్లు. ఫొటో ఒక్కోటి 250 కేబీ దాకా ఉంటుంది, అవి డేటాబేసులో కాదు, ఫోల్డర్లో ఉంటాయి.

కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి రికార్డు ఉంటుంది, ఫొటో ఉండదు. ఇంకోసారి ఫొటో ఉంటుంది, రికార్డు ఉండదు. డేటాబేసు తన పేజీలు తాను సరిచేసుకుంటుంది గానీ మన ఫోల్డరు సంగతి దానికేం తెలుసు? సొంత లాగ్ రికార్డు (ఏం చేస్తున్నామో రాసుకునే చిట్టా), సొంత రికవరీ ఫంక్షను (ఆగి లేచాక ఆ చిట్టా చూసి సరిచేసేది) రాసి దానికి తగిలించవచ్చని చదివాను. రాయమంటారా, లేక ఫొటోలు కూడా డేటాబేసులోకే నెట్టేయమంటారా?

ఒంగోలు_గిత్త
రాయి తమ్ముడూ. భయపడేంత పని కాదు. లాగ్‌లో ఏమేం ఉండాలో చిన్న వివరణ ఫైల్లో రాస్తే, బర్క్‌లీ డీబీతోపాటు వచ్చే ఒక చిన్న స్క్రిప్టు (ఆక్ భాషలో ఉంటుంది) లాగ్‌లోకి రాసే ఫంక్షను, చదివే ఫంక్షను, రికవరీకి ఒక చట్రం తయారుచేసి పెడుతుంది. చట్రంలో నువ్వు నింపేది రెండే: అన్‌డూ (సగంలో ఆగిన పనిని వెనక్కి తీయడం) అయితే ఏం చెయ్యాలి, రీడూ (పూర్తయిన పనిని మళ్లీ చేసిపెట్టడం) అయితే ఏం చెయ్యాలి. ఎన్విరాన్‌మెంట్ (డేటాబేసు, దాని లాగ్ అన్నీ కలిసి ఉండేది) తెరవకముందే ఆ ఫంక్షన్ని రిజిస్టర్ చెయ్యి. నీ రికార్డు రకాల నంబర్లు 10000 నుంచి మొదలవ్వాలి, అంతకంటే కిందవి బర్క్‌లీ డీబీ వాళ్లవి.

ముందు లాగ్ డిస్కు మీదకి చేరాలి, ఆ తర్వాతే ఫైలు పుట్టాలి. ఇది తిరగబడిందంటే ఫైలు మిగులుతుంది, అది ఎవరిదో చెప్పే దిక్కు ఉండదు. ఇంకోటి, రికవరీ నడుస్తుండగానే మళ్లీ కరెంటు పోవచ్చు. అదే ఫంక్షను రెండోసారి, మూడోసారి నడుస్తుంది. తీసెయ్యబోయిన ఫైలు లేకపోతే ఎర్రర్ అని ఆగిపోకూడదు, పనైపోయిందనుకుని ముందుకు పోవాలి.

పెన్నమ్మ_బిడ్డ
యూపీఎస్ పెట్టించండి.

గూడూరు_నిమ్మ
గిత్తయ్యా, ఆ చట్రం కొత్త ఫోల్డరు సృష్టించడం లాంటి పనికి బాగుంటుంది. ఫోల్డరుకి పేరొక్కటే చాలు. ఫొటోకి పేరు మాత్రం లాగ్‌లో రాసుకుంటే, రీడూ అన్నప్పుడు లోపలి బొమ్మ ఎక్కణ్ణుంచి తెస్తావు? బొమ్మ మొత్తం లాగ్‌లో పెట్టాలంటే రోజుకి 60 ఎంబీ లాగ్‌లోకి ఒకసారి, ఫోల్డర్లోకి ఇంకోసారి. ఆ సంబడానికి ఫొటో డేటాబేసులోనే పెట్టుకుంటే పోలా? ఎస్‌క్యూలైట్ (ఇలాంటిదే ఇంకో డేటాబేసు) వాళ్లే కొలిచి చెప్పారు, 10 కేబీ బొమ్మలైతే విడి ఫైళ్లకంటే డేటాబేసులో 35 శాతం వేగమని.

ఒంగోలు_గిత్త
10 కేబీకి చెప్పిన లెక్క 250 కేబీకి చెప్తే ఎట్లా నిమ్మ గారూ? అయినా ఇక్కడ రీడూ ఎవరు అడిగారు? ఫొటో పూర్తిగా రాసి, ఎఫ్‌సింక్ చేసి (అంటే డిస్కు మీదకి చేరేదాకా ఆగి), దాని ఫోల్డరుని కూడా ఎఫ్‌సింక్ చేసి, అప్పుడు కమిట్ చెయ్యాలి (లావాదేవీ ఖాయమని డేటాబేసుకి చెప్పాలి). కమిట్ అయిందంటే ఫొటో డిస్కు మీద ఉన్నట్టే. రీడూలో చేసే పనేమీ లేదు. అన్‌డూ ఒక్కటే రాస్తే చాలు.

కావలి_కుర్రోడు
ఫోల్డరుకి కూడా ఎఫ్‌సింక్ ఉంటుందా అన్నా?

ఒంగోలు_గిత్త
లైనక్సులో ఉంటుంది. బొమ్మ వేరు, ఫోల్డర్లో ఆ బొమ్మకి రాసుకున్న పేరు వేరు. బొమ్మ డిస్కుకి చేరి పేరు చేరకపోతే, ఇంటి తాళం వేసి తాళంచెవి పెన్నాలో పారేసినట్టే.

గూడూరు_నిమ్మ
చీమకుర్తి అబ్బాయీ, ఒక మాట చెప్పు. మీ ఫొటో ఫైలు పేరేంటి?

కాటా_చీమకుర్తి
స్లిప్పు నంబరే సార్. 4471 అయితే 4471_ఖాళీ, 4471_లోడు.

గూడూరు_నిమ్మ
అనుకున్నా. ఇప్పుడు చూడు. 4471 అని మొదలుపెట్టావు, లారీవాడు వెనక్కి తీశాడు, లావాదేవీ రోల్‌బ్యాక్ అయింది, అంటే రద్దయింది. తర్వాతి బండికి అదే 4471 ఇచ్చావు, కమిట్ అయింది, ఫొటో పడింది. అప్పుడు కరెంటు పోయింది. రికవరీ వెనక నుంచి లాగ్ తిరగేసుకుంటూ పోతే మొదటి 4471 కనబడుతుంది, దానికి కమిట్ ఉండదు. గిత్త గారి అన్‌డూ వెళ్లి 4471 ఫొటో తీసేస్తుంది. ఏ బండి ఫొటో పోయింది? మంచిగా కమిట్ అయిన బండిది. రీడూలో పనేమీ లేదన్నారుగా, తెచ్చిపెట్టేవాడు లేడు.

కావలి_కుర్రోడు
అమ్మో.

కాటా_చీమకుర్తి
సార్, మాకు పోయిన వేసవిలో రెండు ఫొటోలు పోయినాయి. అచ్చం ఇట్టాగే. రోల్‌బ్యాక్ అయిన నంబరు మళ్లీ వాడిన బండ్లే అవి. పాతాయన కూడా ఏదో అన్‌డూ రాసిపెట్టాడు, ఇప్పుడు తీసి చూస్తున్నా.

ఒంగోలు_గిత్త
ఒప్పుకుంటా, పేరు సంగతి ముందే చెప్పాల్సింది. ఒకసారి వాడిన ఫైలు పేరు మళ్లీ వాడకూడదు. స్లిప్పు నంబరు వేరు, ఫైలు పేరు వేరు పెట్టుకో. కానీ ఇది సొంత రికవరీ తప్పు కాదు, రాసినాయన తప్పు. 1992లో ఐబీఎంలో సి. మోహన్ వాళ్లు రాసిన ఏరీస్ పేపరు (డేటాబేసు రికవరీ పద్ధతి మీద) చూడండి. అన్‌డూ చేసినప్పుడు, చేశామని ఇంకో లాగ్ రికార్డు రాస్తారు, చేసిన అన్‌డూ మళ్లీ చెయ్యకుండా. ఇదంతా ముప్పై ఏళ్ల నాటి సంగతి. చదవకుండా రాసి, తర్వాత రాయడమే తప్పంటే ఎట్లా?

గూడూరు_నిమ్మ
చదవకుండానా? నేను చదివే రాశాను. 2014లో కోట వైపు రొయ్యలు కొనే ఒక చోట పనిచేశా. రాత్రి పట్టుబడి, చెరువు గట్టు నుంచి ట్రేలు దిగుతూనే ఉంటాయి, కాటా ఆగదు. లాగ్ నేనే రాశా, రికవరీ నేనే రాశా, అన్‌డూ రెండుసార్లు నడిచినా తేడా రాకుండా రాశా. ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ వేశారు, ప్రోగ్రాం లేచింది, అంతా శుభ్రం. తెల్లారి ఒక రైతు స్లిప్పు పట్టుకొచ్చాడు. 612 కిలోలు, 40 కౌంటు (కిలోకి 40 రొయ్యలు). కంప్యూటర్లో ఆ తూకమే లేదు. ఓనరు ఏమన్నాడో తెలుసా? స్లిప్పు దొంగదన్నాడు. నలుగురిలో అన్నాడు. తర్వాత నిజం తెలిసి మూడు నెలలు నా జీతంలో పట్టాడు. అందుకే చెప్తున్నా, సొంతంగా రాయొద్దు.

పెన్నమ్మ_బిడ్డ
యూపీఎస్ ఉంటే ఈ గొడవే లేదు కదా.

ఒంగోలు_గిత్త
బాధగానే ఉంది నిమ్మ గారూ. ఒకటే ప్రశ్న. స్లిప్పు ప్రింటు కమిట్‌కి ముందా, తర్వాతా?

గూడూరు_నిమ్మ
ముందు. ప్రింటరు నెమ్మది, వెనక లైను. ఓనరే ముందు కొట్టమన్నాడు.

ఒంగోలు_గిత్త
అయితే మీ రికవరీ తప్పేం చేసింది? కమిట్ కాలేదు, తీసేసింది. అది దాని పని. డేటాబేసులో పెట్టుకున్నా, ఎస్‌క్యూలైట్ వాడినా అదే జరిగేది. పదేళ్లుగా తప్పుడు చోట కోపం పెట్టుకున్నారు.

గూడూరు_నిమ్మ
తప్పుడు చోటా? నువ్వు కూర్చున్నావా ఆ కాటా దగ్గర? ఆ రైతు ముఖం చూశావా? కమిట్ కాకపోతే తూకం జరగనట్టేనంటావు. ట్రేలు దిగాయి, ఐసు పడింది, వ్యాను పోయింది. నీ డిస్కు మీద లేకపోతే ఆ 612 కిలోలు మళ్లీ చెరువులోకి పోతాయా? ఆయన చేతికి కాగితం పోయిందంటే అదే కమిట్. కాగితాన్ని అన్‌డూ చేసే ఫంక్షను రాసి చూపించు, అప్పుడు ఏరీస్ గురించి మాట్లాడుకుందాం.

మోడరేటరు
కొంచెం శాంతం. వ్యక్తిగతంగా వద్దు.

సైదాపురం_మైకా
పేజీ అంతా చదివా. ఫొటో గురించి మొదలై కాగితం దగ్గర తేలింది.

ఒంగోలు_గిత్త
సరే. కాగితం ఫైలు లాంటిది కాదు, ఒప్పుకుంటా. తీసెయ్యలేం. కాబట్టి కమిట్ అయ్యాకే కొట్టాలి. కొట్టబోతున్నామని అదే లావాదేవీలో ఒక గుర్తు, కొట్టాక ఇంకో గుర్తు. ప్రోగ్రాం లేచినప్పుడు మొదటి గుర్తు ఉండి రెండోది లేకపోతే స్లిప్పు మళ్లీ కొట్టాలి. లైను ఆగితే ఆగనీ, ఓనరుకి చెప్పుకోవాలి.

గూడూరు_నిమ్మ
ఇది ముందే అని ఉంటే నేనంత ఎగిరేవాణ్ణి కాదు. అయినా ఓనరుకి చెప్పుకునేది ఎవరు, గిత్తయ్యా? జీతం తీసుకునేవాడే కదా.

కాటా_చీమకుర్తి
నాలుగు రోజులకి వచ్చా. ఫైలు పేర్లు మార్చాను. పాత అన్‌డూలో స్లిప్పు నంబరు తీసేసి కొత్త పేరు పెట్టాను. ప్రింటుకి గిత్తన్న చెప్పిన రెండు గుర్తులు రాశాను. పాత కంప్యూటర్ తెచ్చి, తూకం నడుస్తుండగా ప్లగ్గు పీకి చూస్తున్నా. పది సార్లు బాగానే ఉంది. 11వసారి ఒకే తూకానికి రెండు స్లిప్పులు వచ్చాయి. మొదటిది ప్రింటరు నుంచి బయటికొచ్చింది, రెండో గుర్తు పడేలోపు ప్లగ్గు పీకేశా.

ఒంగోలు_గిత్త
అది తప్పదు. కాగితం వచ్చిందో లేదో ప్రోగ్రాముకి తెలీదు. లేచాక కొట్టే ప్రతి స్లిప్పు మీద 'నకలు' అని వెయ్యి, మొదటిది వచ్చినా రాకపోయినా.

గూడూరు_నిమ్మ
మొదటిది రాకపోతే డ్రైవరు చేతిలో ఉండేది నకలు ఒక్కటే. గేటు దగ్గర నకలు ఒప్పుకుంటారా అబ్బాయీ?

కాటా_చీమకుర్తి
ఒప్పుకోరు సార్. అసలు స్లిప్పు మీద సంతకం పడితేనే బండి బయటికి. రేపు పొద్దున గేటు గుమస్తాని అడిగి వచ్చి చెప్తా.

పెన్నమ్మ_బిడ్డ
ప్లగ్గు పీకింది యూపీఎస్ ముందా, వెనకా?