డిసెంబర్‌లో స్టాక్‌హోం: అమ్మ మోకాళ్లు, పాప సరదా, గ్రీన్‌హౌస్‌లు... ఏ రోజు ఏది పెట్టుకోవాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
డిసెంబర్ 18 నుంచి నాలుగు రోజులు స్టాక్‌హోంలో తమ్ముడి ఇంట్లో ఉంటాం. అమ్మకు 68, మోకాళ్ల నొప్పులు. పాపకు ఎనిమిదేళ్లు, మొక్కలన్నా పురుగులన్నా ప్రాణం. బెర్గియన్‌స్కా బొటానికల్ గార్డెన్, హాగా పార్కులో సీతాకోకచిలుకల ఇల్లు, స్కాన్సెన్ (జంతువులు కూడా ఉండే ఆరుబయటి మ్యూజియం) అనుకున్నాం. ఆకు మీద పిల్లలు కూర్చునేంత పెద్ద విక్టోరియా కలువ చూడాలని పాప పట్టు. అమ్మ ఆవకాయ, కరివేపాకు, ఛెనాపోడ (పాల విరుగుడుతో చేసే ఒడియా మిఠాయి) సర్దుతోంది, ఫర్వాలేదా?

తామరాకు (బరంపురం):
ముందు కలువ సంగతి పాపకు చెప్పేయండి. అది ఉండేది బెర్గియన్‌స్కా తోటలో, 1900లో కట్టిన విక్టోరియా హౌస్‌లో. దాన్ని వేసవి నెలల్లోనే తెరుస్తారు. చలికాలంలో అక్కడ వెలుతురు చాలక ఆ మొక్క బతకదు. ఏటా విత్తనం నుంచి కొత్తగా పెంచి, ఎండ పెరిగాక చెరువులో దించుతారు. పువ్వు మొదటి రాత్రి తెల్లగా విచ్చుకుని, రెండో రాత్రికి గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ ఆశ మీద డిసెంబర్‌లో టికెట్ కొనకండి.

మీరు వెళ్లాల్సింది పక్కనే ఉన్న ఎడ్వర్డ్ ఆండర్సన్ గ్రీన్‌హౌస్‌కి. ఒక వర్తకుడు వీలునామాలో రాసిచ్చిన సొమ్ముతో 1995లో తెరిచారు. మధ్యలో పెద్ద హాల్లో మధ్యధరా ప్రాంతపు చెట్లుంటాయి. వాటికి చల్లటి శీతాకాలం కావాలి కనుక అక్కడ వేడి తక్కువే, అమ్మగారి స్వెటర్ తీయించకండి. చుట్టూ ఉన్న చిన్న గదుల్లో వర్షారణ్యం, ఫెర్న్‌లు, ఎడారి మొక్కలు వేర్వేరుగా ఉంటాయి. ఎడారి గదిలోంచి తడి గదిలోకి తలుపు తీయగానే కళ్లద్దాలు మసకబారతాయి, కంగారు పడకండి.

నగరం మధ్యలోని టీ-సెంట్రాలెన్ స్టేషన్‌లో ఎర్ర లైన్ 14 మెట్రో ఎక్కి నాలుగో స్టేషన్ యూనివర్సిటేట్‌లో దిగండి. అక్కణ్నుంచి ఓ కిలోమీటరు నడక. తోటలోకి ఉచితం, గ్రీన్‌హౌస్‌కి టికెట్. సోమవారం మూత. పండగ రోజుల వేళలు సైట్‌లో చూసుకోండి.

మెట్రో, బస్సు, ట్రామ్ అన్నిటికీ ఒకే ఎస్ఎల్ (స్టాక్‌హోం రవాణా సంస్థ) టికెట్. 75 నిమిషాలు చెల్లుతుంది, ఆలోపు ఎన్ని బళ్లు మారినా సరే. 65 నిండినవాళ్లకు తగ్గింపు ఉంది, అమ్మగారికి యాప్‌లో ఆ టికెట్టే కొనండి. బస్సులో నోట్లు తీసుకోరు.

గంజాం గాలి (ఛత్రపూర్):
ఆ వారంలో ఎనిమిదీ ముప్పావుకి తెల్లారి, మూడు కాకుండానే పొద్దు వాలిపోతుంది. ఆరు గంటల వెలుగే మీ చేతిలో ఉన్నది. కాబట్టి బయట తిరిగేది, కిటికీలోంచి వెలుతురు కావాల్సింది పగటికి పెట్టుకోండి, మిగతాది తర్వాత.

సీతాకోకచిలుకలు వెలుతురుంటేనే ఎగురుతాయి. చీకటి పడేసరికి ఆకుల కింద నక్కేస్తాయి. మూడింటికి వెళ్తే పాపకు నిరాశే. పదకొండుకల్లా లోపల ఉండండి. ప్యూపాలు (సీతాకోకచిలుక బయటపడే గూళ్లు) వేలాడదీసిన అద్దాల అరను ముందు చూపించండి. అప్పుడే బయటపడిన సీతాకోకచిలుక రెక్కలు నలిగిన కాగితంలా ఉంటాయి. అది ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి తోసుకుంటూ మెల్లగా విప్పుతుంది, ఆరి గట్టిపడే దాకా ఎగరలేదు. ఓపికగా నిలబడితే అక్కడే ఓ పాఠం అయిపోతుంది. చేత్తో ముట్టుకోనివ్వకండి, రెక్క మీది పొలుసులు రాలిపోతాయి. బయటికొచ్చే ముందు ఒకరి వీపు ఒకరు చూసుకోండి, కోటు మడతల్లో కూర్చుని వచ్చేస్తాయి.

స్కాన్సెన్‌కి ట్రామ్ 7. గుట్ట మీద ఉంది గానీ ముఖద్వారం దగ్గర ఎస్కలేటర్ ఉంది, అమ్మగారు మెట్లెక్కక్కర్లేదు. ఎల్క్‌లు, రెయిన్‌డీర్లు వెలుగుండగా చూసేసి, ఆ తర్వాత అక్కడే ఉన్న బాల్టిక్ సముద్రపు కేంద్రంలోకి వెళ్లండి. 2019లో తెరిచారు, స్కాన్సెన్ టికెట్‌లోనే కలిసి ఉంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే మన చిల్కా సరస్సు తెలిసిన పిల్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మహాసముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుంటే, స్టాక్‌హోం దగ్గర బాల్టిక్‌లో 6, 7 గ్రాములే. అందుకే నదిలో ఉండే పైక్, పెర్చ్ చేపలూ సముద్రపు హెర్రింగూ ఒకే నీటిలో బతుకుతాయి. ఆల్చిప్పలు మాత్రం ఉప్పు చాలక చిన్నవిగానే ఉండిపోతాయి. నాకైతే మీ జాబితా మొత్తంలో పాపకు ఎక్కువ నేర్పేది ఇదే.

మహేంద్రతనయ:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. సీతాకోకచిలుకల ఇంట్లో ఫోటోలు మసకగా వస్తాయంటున్నారు, ఏం చేయాలి? మంచు మీద అమ్మ నడవగలదా?

తామరాకు:
చల్లటి లెన్స్ మీద తడి వేడిగాలి తగిలితే నీరు పడుతుంది, తుడిస్తే మళ్లీ పడుతుంది. బయట ఉండగానే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేయండి. లోపలికెళ్లాక 20-30 నిమిషాలు కవర్ తీయకండి, నీరు కవర్ మీదే పడుతుంది. ఫోన్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది.

నడకలో ప్రమాదం కొత్త మంచుతో కాదు, కరిగి మళ్లీ గడ్డకట్టిన దానితో. బూట్లకు తొడిగే రబ్బరు పట్టీలు, అడుగున ఇనుప మేకులున్నవి, అక్కడ బ్రొడ్డార్ అని అడిగితే ఇస్తారు. భవనంలోకి అడుగుపెట్టే ముందు విప్పించండి. నున్నటి రాతి నేల మీద ఆ మేకులే జారతాయి.

గంజాం గాలి:
సామాను సంగతి మిగిలిపోయింది. ఛెనాపోడ, నెయ్యి, కోవా వద్దు. భారత్ నుంచి వెళ్లేవాళ్లు పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకుకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, అందుకని ఎండబెట్టి పొడి కొట్టించండి. మామిడికీ అదే పత్రం కావాలి. పత్రం లేకుండా వెళ్లేవి ఐదే పండ్లు: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డ్యూరియన్. ఆవకాయకి ఇబ్బంది లేదు, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.